పాత వాచీకి ఖర్చు దండగేనా?

ఏ ఇంట్లోనైనా బీరువా లోపలి సొరుగు ఒకసారి లాగి చూడండి. పాత రేషన్ కార్డులు, ఎల్లైసీ బాండ్లు, పిల్లల వెండి మొలతాళ్ళు... వాటి అడుగున ఆగిపోయిన వాచీ ఒకటి తప్పకుండా దొరుకుతుంది. బెల్టు తెగి ఉంటుంది. అద్దం మసకబారి ఉంటుంది. పారెయ్యడానికి మనసొప్పదు, బాగు చేయించడానికి చెయ్యి రాదు. "చూద్దాంలే" అనుకుని మళ్ళీ అక్కడే పడేస్తాం.

పాత వాచీ గురించి ఇంత ఆలోచన అవసరమా అని మీరు అడగొచ్చు. అవసరమేనని నా అభిప్రాయం. ఏ వస్తువు మీద ఖర్చు పెట్టొచ్చు, ఏ వస్తువు మీద పెడితే దండగ అని తేల్చే అధికారం మన ఇళ్ళల్లో ఎవరిదో తెలుసుకోవాలంటే ఆ సొరుగు చాలు.

మా ఇంటి సంగతే చెబుతాను. మా అత్తయ్యగారికి హెచ్.ఎం.టి. సుజాత వాచీ ఒకటి ఉంది. ఆడవాళ్ళ కోసం చేసిన చిన్న వాచీ, రోజూ కీ ఇచ్చుకోవాలి. 1978లో సమితి స్కూల్లో టీచరుగా చేరిన కొత్తల్లో నాలుగు నెలలు కూడబెట్టి కొనుక్కున్నారట. స్కూలు గౌతమి పాయకి అవతల, లంకలో ఉండేది. పొద్దున్న నాటుపడవ తప్పిపోతే మళ్ళీ పడవ వచ్చేసరికి గంట పైన పట్టేది. రైలు కూత గానీ, ఫ్యాక్టరీ సైరన్ గానీ వినపడని ఊళ్ళు మావి. ఇంట్లో వంట ముగించి, చంటిపిల్లాణ్ణి పక్కింటి పెద్దమ్మకి అప్పజెప్పి రేవు చేరుకునే మనిషికి టైము చెప్పింది ఆ వాచీయే. 1986 ఆగస్టు వరదల్లో ఊరంతా ఏటిగట్టు మీద తలదాచుకున్న రోజున కూడా అది ఆవిడ చేతికే ఉందట.

మా మామయ్యగారిది హెచ్.ఎం.టి. జనతా. పెళ్ళిలో అత్తవారు పెట్టినది. ఆ రోజుల్లో కొత్త అల్లుడికి సైకిలు, రేడియో, వాచీ ఇవ్వడం మర్యాద కింద లెక్క కదా. ఆ జనతా ఇప్పటికి నాలుగైదుసార్లు సర్వీసింగ్‌కి వెళ్ళొచ్చింది. ఎంతయిందని ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు. అత్తయ్యగారి సుజాత మాత్రం ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది.

దాన్ని అమలాపురంలో వాచీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరకి తీసుకెళ్ళాను. కంటికి భూతద్దం తగిలించుకుని, వెనక మూత తీసి, చాలాసేపు చూశాడు.

"ఆయ్, మెషీను బాగానే ఉందండి. నూనె గడ్డకట్టేసింది, స్ప్రింగు మార్చాలి. పద్దెనిమిది వందలవుద్దండి. కానీ అమ్మగారూ, ఇలాంటిదే పాతది ఎనిమిదొందలకి దొరికేత్తది. ఎందుకండీ దండగ?"

ఇంటికొచ్చి చెబితే మావారూ అదే మాట. "ఆ డబ్బుకి కొత్త వాచీ వస్తుంది కదా!" అన్నారు. అత్తయ్యగారైతే మరీనూ. "నాకెందుకమ్మా ఇప్పుడు వాచీ? సెల్లులో టైము కనపడుతోందిగా," అన్నారు.

ముగ్గురూ నా మేలు కోరి చెప్పినవాళ్ళే. ముగ్గురి లెక్కా కూడికలో సరిపోయింది. నాకు పేచీ వచ్చింది కొలత దగ్గర.

ఏ కొలతతో కొలవాలి?

ఒక వస్తువుని బాగుచేయించే ముందు "అమ్మితే ఎంతొస్తుంది?" అని అడగడం వ్యాపారస్తుడి కొలత. అమ్మకానికి కొనేవాడు అలాగే అడగాలి, తప్పులేదు. మనం అమ్మబోని వస్తువుకి ఆ ప్రశ్న ఎందుకు?

ఇత్తడి గిన్నెకి కళాయి పెట్టించినప్పుడు, పాత సామాన్లవాడు ఆ గిన్నెకి ఎంతిస్తాడని లెక్క వేశామా? పెళ్ళినాటి పట్టుచీరని రోలింగ్‌కి ఇచ్చినప్పుడు, పరుపులో దూది ఏకించినప్పుడు, అమ్మమ్మ కుంకుమభరిణెకి మూత అతికించినప్పుడు ఎవరైనా మార్కెట్ రేటు చూశారా? వాడుకుంటాం కాబట్టి చేయించాం. మావారి స్కూటరుకి ఏటా పెట్టే ఖర్చు ఆ స్కూటరుని అమ్మితే తిరిగిరాదు. అయినా దాన్ని దండగ అని ఎవరూ అనరు.

మరి ఈ చిన్న వాచీకే ఆ ప్రశ్న ఎందుకొచ్చింది? ఒక కారణం పనితనానికి సంబంధించినది. ఆడవాళ్ళ వాచీలో మెషీను చాలా చిన్నది. చక్రాలు, మరలు అంతకన్నా చిన్నవి. మగవాళ్ళ వాచీకి పట్టే శ్రమే, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, దీనికి పడుతుంది. కానీ పాతవాచీలు సేకరించేవాళ్ళు ఎక్కువగా పెద్ద సైజు వాచీలే కోరతారు. అందుకని చిన్నవాటికి సంతలో ధర పలకదు. ధర పలకని వస్తువు బాగుచేయడం దండగ అన్న మాట అలా పుడుతుంది. ఈ లెక్కన ఏ ఇంట్లోనైనా నాన్న వాచీ బతుకుతుంది, అమ్మ వాచీ సొరుగులో చస్తుంది. ఎవరికీ దురుద్దేశం ఉండదు, ఫలితం మాత్రం ఎప్పుడూ ఒక్కవైపే మొగ్గుతుంది.

చేతి వాచీ మొదట మనదే

ఇందులో ఒక తమాషా ఉంది. చేతికి కట్టుకునే వాచీ మొదట్లో ఆడవాళ్ళ వస్తువు. స్విట్జర్లాండ్‌కి చెందిన పటెక్ ఫిలిప్ కంపెనీ 1868లో హంగరీ దేశపు ఒక జమీందారిణి కోసం చేసిన చేతి వాచీ చరిత్రకెక్కింది. ఆ రోజుల్లో మగవాళ్ళు జేబు గడియారం పెట్టుకునేవారు. చేతికి కట్టుకుంటే గాజు తొడుక్కున్నట్టు నామోషీ అనుకునేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో ఉన్న సైనికులకి జేబులోంచి గడియారం తీసి చూసే వీలు లేకపోయింది. అప్పుడు చేతికి కట్టారు. యుద్ధం అయ్యాక అది మగవాళ్ళ హోదాకి గుర్తయింది.

మనదేశంలో సామాన్యుడి చేతికి వాచీ తెచ్చిన ఘనత హెచ్.ఎం.టి.దే. హిందుస్తాన్ మెషీన్ టూల్స్ అన్న ప్రభుత్వ కంపెనీ జపాన్ సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో బెంగుళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. మొదటి వాచీలని నెహ్రూగారు విడుదల చేశారు. 1980లలో మన హైదరాబాద్ ఆల్విన్ కూడా జపాన్ సీకో సహకారంతో వాచీలు చేసింది. 1984లో టైటాన్ కంపెనీ పుట్టింది. సెల్లుతో నడిచే క్వార్ట్జ్ వాచీలు వచ్చాక కీ ఇచ్చే వాచీల వైభవం తగ్గుతూ వచ్చింది. చివరికి 2016 జనవరిలో హెచ్.ఎం.టి. వాచెస్ మూసివేతకి కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. ఆ వార్తలు వచ్చిన రోజుల్లో పాత జనతాల కోసం, పైలట్‌ల కోసం జనం ఎగబడ్డారు. సుజాత కోసం ఎగబడినట్టు నేనెక్కడా వినలేదు.

విలువ లోహంలో ఉండదని ప్రపంచానికి తెలియకేం కాదు. 2009 మార్చిలో గాంధీగారి జేబు గడియారం, కళ్ళద్దాలు, చెప్పులు, కంచం, గిన్నె కలిపి న్యూయార్క్ వేలంలో 18 లక్షల డాలర్లు పలికాయి. 2017లో హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ రోలెక్స్ వాచీ కోటీ డెబ్భై ఏడు లక్షల డాలర్లకి పైగా పలికింది. దాన్ని కొనిచ్చింది ఆయన భార్య, నటి జోన్ వుడ్‌వర్డ్. కారు పందేలంటే పిచ్చి ఉన్న భర్తని జాగ్రత్తగా నడపమంటూ వెనక మూత మీద చెక్కించి మరీ ఇచ్చింది. ఆ నాలుగు అక్షరాలే దాని వెల పెంచాయి. మన ఇంటి వాచీని ఎవరూ వేలం వెయ్యరు. కానీ దాని విలువ ఎక్కడినుంచి వస్తుందన్న సూత్రం మాత్రం ఒకటే.

అన్నీ చేయించమంటారా?

అలాగని జ్ఞాపకం పేరు చెప్పి ఆగిన ప్రతి వాచీకీ డబ్బు పోయాలని నేననను. మధ్యతరగతి ఇల్లాలికి పద్దెనిమిది వందలు చిన్న మొత్తం కాదు. పిల్లల స్కూలు బస్సు ఫీజు, గ్యాసు బండ, మందుల షాపు బాకీ కళ్ళముందు కనపడుతుంటాయి. పిండి కొద్దీ రొట్టె. అందుకే మూడు ప్రశ్నలు వేసుకోమంటాను.

మొదటిది, అది నడుస్తుందా? మూత తీయించి చూడందే ఈ సంగతి తేలదు. నూనె ఎండిపోతే సర్వీసింగ్‌తో సరిపోతుంది. తుప్పు పట్టి చక్రాల ఇరుసులు తినేస్తే వేరే కథ. మా కోనసీమ గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉన్నాయి. అవి ఇనపగేటునే వదలవు, వెంట్రుకంత ఇరుసుని వదులుతాయా?

మా పిన్ని వాచీ ఇలాగే పోయింది. రాజోలు, అమలాపురం ప్రాంతాల నుంచి ఎంతమంది ఆడవాళ్ళు గల్ఫ్‌లో ఇంటిపనులకి వెళ్ళి కుటుంబాలని నిలబెట్టారో మీకు తెలుసు. మా పిన్ని కూడా కువైట్‌లో రెండేళ్ళు పనిచేసి, వస్తూ వస్తూ తనకోసం కొనుక్కున్న ఒకే ఒక్క వస్తువు ఆ ఆటోమేటిక్ వాచీ. 1996 నవంబరు తుఫానులో ఇంటి పైకప్పు ఎగిరిపోయి పెట్టెలోకి నీళ్ళు చేరాయి. లోపలంతా తుప్పే. "సామాన్లు దొరకవండి, డబ్బులు పోసినా నమ్మకం చెప్పలేను," అన్నాడు అదే పెద్దాయన. పిన్ని దాన్ని తుడిచి దేవుడి అలమరలో పెట్టుకుంది. ఖర్చు పెట్టలేదు, పారెయ్యనూ లేదు. ఆగిపోయిన వాచీని ఆగిపోయినట్టే ఉంచుకోవడం కూడా ఒక నిర్ణయమే. అది చెప్పే కథకి కీ ఇవ్వక్కర్లేదు.

రెండోది, ఎవరు పెట్టుకుంటారు? బాగుచేయించి మళ్ళీ సొరుగులో పెట్టేటట్టయితే ఆ డబ్బు నిజంగానే దండగ. కీ ఇచ్చే వాచీ లోపలి చక్రం గంటకి 18,000 సార్లు కొట్టుకుంటుంది. రోజుకి 4,32,000 సార్లు. అంత కదలికకి సూదిమొన మీద నిలిచేటంత నూనె ఆధారం. ఏళ్ళ తరబడి కదలకుండా పడి ఉంటే ఆ నూనె జిగురవుతుంది. అలాగని సర్వీసింగ్ లేకుండా బలవంతంగా నడిపిస్తే ఇరుసులు అరిగిపోతాయి. కాబట్టి పెట్టుకునే మనిషి ఉంటేనే చేయించండి.

మూడోది, ఆ డబ్బు పోతే ఇల్లు ఇబ్బంది పడుతుందా? పడేటట్టయితే ఆపండి. వాచీ ఇరవై ఏళ్ళు ఆగింది, ఇంకో ఆరునెలలు ఆగలేదా? ఆరునెలలు ఆపడానికీ, "నీకెందుకులే" అని కొట్టిపారెయ్యడానికీ చాలా తేడా ఉంది.

ఇచ్చే ముందు జాగ్రత్తలు

చేయించాలనుకుంటే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. ఎంతవుతుందో, ఏమేం మారుస్తారో ముందే చీటీ మీద రాయించుకోండి. మూత తీసినప్పుడు లోపలి మెషీనుని సెల్లుఫోనుతో ఫొటో తీసుకోండి. మార్చిన పాత సామాను తిరిగి ఇమ్మనండి. డయల్‌కి కొత్త రంగు వేయిస్తానంటే వద్దనండి. ఆ పాత మచ్చలే దాని వయసు. కొత్తరంగు పూసి, నాలుగు వాచీల సామాను ఒకదాంట్లో కలిపి, పాత హెచ్.ఎం.టి. అని ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు. "ఇలాంటిదే ఎనిమిదొందలకి" అన్నప్పుడు ఈ సంగతి కూడా లెక్కలోకి రావాలి. అలాంటిది కొన్నాక దానికీ సర్వీసింగ్ కావల్సి రావొచ్చు.

వాచీ ఉన్నట్టుండి రోజుకి చాలా నిమిషాలు ముందుకి పరిగెడుతోందా? అయస్కాంతం సోకి ఉండొచ్చు. స్పీకర్ల పక్కన, అయస్కాంతపు మూత ఉన్న హ్యాండ్‌బ్యాగుల్లో పెట్టకండి. ఆ దోషం తియ్యడం నిమిషాల పని, దానికి పూర్తి సర్వీసింగ్ అక్కర్లేదు. సెల్లు వాచీ ఆగిపోతే అయిపోయిన సెల్లు లోపలే వదిలెయ్యకండి, కారిపోయి మెషీనుని తినేస్తుంది. క్వార్ట్జ్ వాచీల్లో చాలావాటికి మెషీను మొత్తం మార్చడమే చవక.

ఇంకొకటి. తాతల నాటి విదేశీ వాచీల్లో చీకట్లో మెరవడానికి నిజంగానే రేడియం పూత పూసేవారు. 1920లలో అమెరికాలో ఆ పూత పూసే పనిలో ఉన్న ఆడపిల్లలు కుంచెని పెదాలతో సన్నం చేసుకుంటూ, ఆ రేడియం కడుపులోకి వెళ్ళి భయంకరమైన జబ్బులతో చనిపోయారు. డయల్ మెరవడం మానేసినా అందులో రేడియం వందల ఏళ్ళు ఉంటుంది. అలాంటి వాచీ మూత ఇంట్లో తియ్యకండి, పిల్లలకి ఆడుకోవడానికి ఇవ్వకండి.

ఎవరి డబ్బు, ఎవరి మాట

చివరికి నేను ఆ సుజాతని చేయించాను. ఒక కథకి వచ్చిన పారితోషికంలోంచి ఇచ్చాను కాబట్టి ఇంట్లో ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ఆ పద్దెనిమిది వందల్లో సామానుకి పోయింది కొంచెం. మిగతాది ఒక ముసలి కళ్ళ చూపుకి, వణకని వేళ్ళకి ఇచ్చిన కూలి. సెల్లుఫోన్లు వచ్చాక ఆ పనికి గిరాకీ పడిపోయింది. ఆయన కొడుకు ఫోన్లు బాగుచేస్తున్నాడు. ఇవాళ మనం దండగ అంటే, రేపు డబ్బు చేతిలో పట్టుకుని తిరిగినా చేసేవాళ్ళు దొరకరు.

వాచీ రోజుకి మూడు నిమిషాలు వెనకబడుతుంది. ఆ వయసు మెషీనుకి అది పెద్ద తప్పేం కాదన్నాడాయన. అత్తయ్యగారు పొద్దున్నే కాఫీ తాగాక దానికి కీ ఇస్తారు. "ఎంతయింది?" అని నన్ను అడగలేదు. "నాకెందుకు" అన్న మాట కూడా మళ్ళీ అనలేదు.

ఆ "నాకెందుకు" గురించే నేను చెప్పాలనుకున్నది. మన ముందుతరం ఆడవాళ్ళు ఈ మాటని నోట్లో పెట్టుకునే పెరిగారు. కొత్త చీర నాకెందుకు, కళ్ళజోడు నాకెందుకు, మోకాళ్ళకి ఆపరేషన్ నాకెందుకు. మనం వెంటనే "సరే, వద్దన్నారుగా" అని ఊరుకుంటాం. అది వాళ్ళ ఇష్టమని మన మనసుకి సర్దిచెప్పుకుంటాం. వాళ్ళకి వద్దనిపించిందా, లేక ఎవరికీ భారం కాకూడదనిపించిందా అని రెండోసారి అడిగి చూడం. రోజంతా చాకిరీ చేసి కూడా "దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అనిపించుకున్న మనుషులు తమ వస్తువు మీద ఖర్చు పెట్టమని నోరు తెరిచి ఎలా అడుగుతారు చెప్పండి? ముప్ఫై ఆరేళ్ళు ఉద్యోగం చేసి జీతం తెచ్చిన మా అత్తయ్యగారే అడగలేకపోయారే!

అందుకే ఒక మాట. ఇంటి పద్దులో స్కూటరుకి, టీవీకి, మిక్సీకి రిపేరు ఖర్చు రాసుకున్నట్టే, ఇంట్లో ఆడవాళ్ళ సొంత వస్తువులకీ ఏటా కొంత రాసుకుందాం. వాచీ కావచ్చు, కుట్టుమిషను కావచ్చు, హార్మోనియం కావచ్చు, వినికిడి మిషను కావచ్చు. అందరికీ ఒకే కొలత పెడదాం. నాన్న వాచీకి అడగని ప్రశ్న అమ్మ వాచీకీ అడగొద్దు. అమ్మ వాచీకి అడిగితే నాన్న వాచీకీ అడుగుదాం. ఆ తర్వాత కూడా చేయించడం దండగని తేలితే, నిశ్చింతగా సొరుగు మూసెయ్యొచ్చు.

ఏమంటారు?